నాలుగో వేలు

మూడు ట్రేలు.
ఒకదాంట్లో పావురం, ఒకదాంట్లో పెద్ద గబ్బిలాయి,
మూడోదాంట్లో బొర్రా గుహల చిన్నది,
దాని రత్ని అగ్గిపుల్లంత.
జూన్ నెల. బీచ్ రోడ్డు దాటి వచ్చే ఉప్పుగాలి
కిటికీ చువ్వల్ని తింటుంది, ఎముకల్ని ఆరనివ్వదు.
ఫార్మలిన్ వాసన మీద నూకన్న తెచ్చిన అల్లం టీ వాసన.

పెద్దది చినవాల్తేరులో కరెంటు తీగల మీద దొరికింది.
తడిసిన రెక్క
రెండు తీగల్ని ఒకేసారి ముట్టుకుందట.
వారం రోజులు సబ్బునీళ్ళలో నానబెట్టి
పాత టూత్‌బ్రష్షుతో మాంసం వదిలించాను.

రికార్డులో రాయవలసింది తక్కువే.
భుజాస్థి ఒకటి. రత్ని పొడుగు, కాస్త వంపు.
అరత్ని సగం దారిలో సన్నని దారమై
రత్నిలోనే కలిసిపోయింది.
అరత్ని అంటే ఒకప్పుడు మూరకొలత,
గుడ్డనీ నేలనీ కొలిచిన మాట.
ఇక్కడ కొలవడానికి అదే మిగల్లేదు.

పావురానిది చెయ్యి కాదు, పిడికిలి.
మణిబంధమూ అరచెయ్యీ అతుక్కుపోయి ఒకటే ముద్ద.
ఎగిరే పని ఈకలకి అప్పగించి
వేళ్ళు ఎప్పుడో రిటైరయ్యాయి.
దాని భుజం ఎముక విరిస్తే లోపల గాలి.
గబ్బిలాయిది విరిస్తే మూలుగ,
నాదీ అంతే.

ఇది చెయ్యి ముడుచుకోలేదు, చాచింది.
చాచీ చాచీ
మూడో వేలు ఒంటికన్నా పొడవైపోయింది.
బొటనవేలొక్కటే పొట్టిగా ఉండిపోయింది
కొమ్మ పట్టుకోవాలి కదా ఎవరో ఒకరు.
పెద్దదానికి చూపుడువేలికి కూడా గోరుంది,
చిన్నదానికి లేదు.
వైవాలో అడిగేది ఇదే.

నూకన్న జాలారిపేట మనిషి.
పగలు ల్యాబు, సందేళ వల.
గ్లాసు తీసుకెళ్ళడానికొచ్చి ట్రే మీదికి వంగాడు.
"సాపకి కట్టిన కర్రల్లాగున్నాయండి" అన్నాడు.
అడక్కుండానే వేలుతో తడిమాడు,
వలలో తెగిన చోటు వెతికినట్టు, కళ్ళు ఎటో పెట్టి.
"ఇదేటండి, ఇక్కడ ముడి?"

నేను నాలుగు రోజులుగా చూస్తున్నాను.
నాకు కనపడలేదు.
నాలుగో వేలి కరభాస్థి నడిమిన కందిగింజంత బుడిపె.
లెన్సు పెడితే తెలిసింది:
విరిగి, కొంచెం పక్కకి జరిగి, అతికింది.
అంటే కొన్ని వారాలు
ఏ కొమ్మకో వేలాడుతూ ఎగరకుండా ఉంది.
ఏం తిందో? ఎవరైనా తెచ్చిపెట్టారో?
పుస్తకంలో అలాంటి అధ్యాయం లేదు.

నూకన్న తన ఎడమ చెయ్యి ట్రే పక్కన పెట్టాడు.
నాలుగో వేలు వంకర.
తాడు లాగినప్పుడు విరిగిందట, నాటు కట్టు.
"ఇదీ హుద్‌హుద్ రేత్రే ఇరిగుంటాదండి, నాదాన్లాగే."
ఎముక మీద తేదీ ఉండదని చెప్పబోయి ఊరుకున్నాను.

బొమ్మ గీశాను, బుడిపెతో సహా.
సార్ ఒప్పుకోరు. తీసేసి మళ్ళీ గియ్యమంటారు,
మామూలు గబ్బిలాయి బొమ్మ.
రబ్బరు చేతిలోనే ఉంది.

అయిదున్నర.
గుమ్మం దగ్గర తాళాల గుత్తి చప్పుడు.
నూకన్న దాన్ని
వంకర వేలికే తగిలించుకున్నాడు.