కొట్కపోయేది, ఆగేది

ఊరి పేరు రాయొద్దన్నారు.
సున్నా నాలుగు ఒకటి ఏడు అని రాశాను.
సిరొంచ నుంచి పదకొండు కిలోమీటర్లు,
ప్రాణహిత ఒడ్డున ఒక రేకుల గది.
గోడ మీద మరాఠీ అక్షరాలు,
గడప మీద తెలుగులో తిట్టుకుంటూ
ఇద్దరు నాలుగేళ్ళ పెద్దమనుషులు.

లచ్చుబాయి ఇక్కడి సేవిక.
ఇంట్లో మాడియా, రిజిస్టర్లలో మరాఠీ,
ఏడ్చే పిల్లల్ని ఊరుకోబెట్టడానికి తెలుగు.
పదకొండు రిజిస్టర్లు ఆమె టేబుల్ మీద.
టేబుల్ కాదు నిజానికి, బియ్యం డబ్బా.
పిల్లల్ని తూచే జోలె దూలానికి వేలాడుతోంది,
అందులో ఇవాళ ఉల్లిగడ్డలున్నాయి.
"జర కూసో మేడమ్, తిన్నంక మంచిగ చెప్తరు."
అన్నానికి ముందు అడగాలో తర్వాత అడగాలో
మాన్యువల్‌లో ఎక్కడా లేదు.

అంకుశ్ దుర్గం. నాలుగేళ్ళ రెండు నెలలు.
బొమ్మ చూపించాను.
గొడుగు, అన్నాడు వెంటనే.
ఛత్రీ అంటేనే మార్కు.
ఇతర భాష అనే గడి ఉంటుందేమోనని పేజీ తిప్పాను,
తర్వాతి ప్రశ్న వచ్చింది.

పెట్టెలో ఐదు చెక్క దిమ్మెలు ఉండాలి.
చంద్రపూర్ ఆఫీసులో వేయడం మరిచారు.
దొరికినవి వాడుకోవచ్చునని నియమం,
రేవులో ఐదు రాళ్ళు ఏరుకొచ్చాను.
చిన్నదాని నుంచి పెద్దదాకా పెట్టు బిడ్డా.

వాడు వాటిని చూడనే లేదు.
ఒక్కొక్కటి అరచేతిలోకి తీసుకుని
కళ్ళు మూసుకున్నాడు,
ఎవరో గుసగుసగా చెప్పేది వింటున్నట్టు తల వంచి.
స్టాప్‌వాచీ నలభై సెకన్లు దాటింది.
కోడిగుడ్డంత ఇటుక పెడ్డను మొదట పెట్టాడు,
నిమ్మకాయంత నల్లటి ఇనపరాయిని చిట్టచివర.
"ఇది కొట్కపోతది," అన్నాడు ఇటుకను తోస్తూ.
"ఇది ఆగుతది."

వాళ్ళ నాయిన వల అంచుకు రాళ్ళు కడతాడట.
పప్పు కలుపుతూ లచ్చుబాయి చెప్పింది,
అది నాకు తెలిసే ఉంటుందన్నట్టు.

వరస తప్పు.
సున్నా వేశాను. మళ్ళీ దాన్నే దిద్దాను,
కాగితం అవతలి వైపు ఉబ్బేదాకా.

పొద్దు వాలాక తల్లుల ప్రశ్నలు.
మీరు పనికి పోయినప్పుడు బిడ్డను ఎవరు చూస్తారు?
ఒకటి, అత్త. రెండు, పెద్ద బిడ్డ. మూడు, ఎవరూ లేరు.
"మిరపకాయ ఏరవోతే గట్టు మీద పండవెడ్తం.
ఎండ చూస్తది," అని నవ్వింది పోచుబాయి.
ఎండకు కోడ్ లేదు.
నవ్వాపి అడిగింది:
"మరి నీ పిల్లను ఎవరు చూస్తున్నరు?"

ఇరవై మూడు రోజుల్లో నన్నెవరైనా అడిగిన ప్రశ్న అదొక్కటే.
తైరాబీ, అన్నాను. ఇంటి ఓనరు.
మోకాళ్ళ నొప్పులు, టీవీ పెద్దగా పెడుతుంది,
పాపకు హిందీ సీరియల్ ఏడుపులన్నీ వచ్చు.
పోచుబాయి తలూపింది. రాసుకోలేదు.

ఆటోలోంచి సూపర్‌వైజర్ శ్రీపతి గారికి ఫోన్ చేశాను,
వల సంగతి చెబుదామని.
"రిమార్కుల్లో రాయి," అన్నాడు.
రిమార్కుల గడి రెండు వేళ్ళ వెడల్పు.
ఏ రాయి పడుతుంది అందులో?
అడిగేలోపు లైను పోయింది,
ఆయనే పెట్టేశాడో,
వంతెన దగ్గర సిగ్నల్ ఎప్పుడూ అంతేనో.

రాత్రి సంచి దులిపితే
ఫారాలతో పాటు నల్లరాయి పడింది.
ఎప్పుడు వేసుకున్నానో గుర్తు లేదు.
ఫ్యాను కింద కాగితాలు లేచిపోతుంటే పైన పెట్టాను.
అరవై రెండు ఇళ్ళు కదలకుండా కూర్చున్నాయి.

పాప నిద్రలో లేచి వచ్చి
అది కావాలంది.
ఎందుకే, అన్నాను.
కావాలి, అంది, చెయ్యి చాపి.

ఇచ్చాను.
గదంతా కాగితాలు.
మంచం కింద, బిందె వెనక, తలుపు సందులో.
ఇద్దరం పాకుతూ ఏరాం.
నంబర్ల వరస పూర్తిగా పోయింది.
అంకుశ్ పేజీ ఇంకా దొరకలేదు,
పాప వెతకడం మానేసి
రాయిని చెంపకు ఆనించుకుని కూర్చుంది,
కళ్ళు మూసుకుని.