దూరపు చేను

పలివెల లాకుల మీద కూర్చోబెట్టి
ఇస్సాకు మాస్టారు మొదటిరోజు పెన్సిలివ్వలేదు.
చూడమన్నారు, అంతే.
కాలువ చూశాను. గట్టు చూశాను.
గుర్రపుడెక్కని తోసుకుంటూ పోయే నావని చూశాను.
"ఎక్కడ కలుస్తున్నాయే గట్లు?"
"కలవవండి" అన్నాను.
చైన్‌మన్ నూకరాజు కూతుర్ని నేను.
మా ఇంట్లో రెండు గట్లు కలిశాయంటే
ఎవడో ఒకడు కోర్టుకెళ్ళినట్టు.

మాస్టారు నవ్వలేదు. కొబ్బరి ఈనె ఒకటి విరిచి
కంటికెదురుగా అడ్డంగా పట్టుకోమన్నారు.
అప్పుడు తెలిసింది,
ఆకాశం నేలమీద వాలే గీత
నా కంటి ఎత్తులోనే ఉంటుందని.
కూర్చుంటే కూర్చుంది.
లేస్తే లేచింది.
లాకు తలుపు తిప్పే ఇనప చక్రం ఎక్కితే
అదీ ఎక్కింది, మేకపిల్లలా నా వెంటబడి.
లస్కరు గది గోడమీద పాత వరద గుర్తు ఉంది,
నా కంటికి జానెడు పైన.
ఆ ఏడాది ఆ గీత ఎవరి కంటి ఎత్తో
అడగాలనుకుని అడగలేదు.

గీతమీద చుక్క పెట్టమన్నారు.
ముగ్గుకైతే లెక్కపెట్టి చుక్కలు పెడతాం,
కలుపుకుంటూ పోతాం.
ఇక్కడ ఒక్కటే.
అన్నీ దానికేసి పోవడమే:
కాలువ రెండంచులూ
కొబ్బరిచెట్ల మొదళ్ళూ మొవ్వులూ
కరెంటు తీగలూ
తీగమీద కొలువుతీరిన గోరింకలూ.

మూడు నెలలు చెరిపాను.
చెట్లు వాలిపోయేవి.
కాలువ కొండెక్కేది, కొండే లేని ఈ సీమలో.
రబ్బరు అరిగి మినపగింజంతయింది.
ఒక సాయంత్రం, ఎందుకో, కాలువ పడుకుంది.
కాగితంమీద నీళ్ళు
చప్పుడు లేకుండా దూరం పోయాయి.

ఇంటికి పట్టుకెళ్ళాను.
అన్నం తింటున్న నాన్న ఎడమచేత్తో అందుకున్నాడు.
గొలుసు లాగి లాగి కాయగాసిన బొటనవేలు
దగ్గరి మడిమీద పెట్టి
మెల్లగా పైకి జరిపాడు.
"ఇది ఎకరం ముప్పై సెంట్లు.
వెనకాల గుత్తులవారిదీ ఎకరం ముప్పయ్యే.
ఇది అరచెయ్యంత వేశావు, అది గోరంత.
చివర మరిడమ్మ చేను ఏదమ్మా?
సాంతం తినేశావు."
"దూరంగా ఉంటే చిన్నగా కనబడుతుంది నాన్నా."
"ఎవరికి?" అన్నాడు, మజ్జిగ పోసుకుంటూ.

మర్నాడు పొద్దున్నే గట్టెక్కి
చుక్క పెట్టిన చోటికి నడిచాను.
నడుస్తుంటే చెట్లు పెరిగాయి.
గట్లు ఎడంగా జరిగాయి,
ఇరుకు వీధిలో దారిచ్చే మనుషుల్లా.
చుక్క మటుకు దొరకలేదు.
మరిడమ్మ దొరికింది,
దమ్ము చేసిన మడిలో మోకాలిదాకా దిగి
నారుకట్టలు విసురుతూ.
"సర్వేకొచ్చావేంటే, మీ నాన్నకి బదులు?"
కాదన్నాను. ఆమె చద్ది గిన్నె పక్కన కూర్చుని
వచ్చిన దారికేసి చూశాను.
లాకులు అగ్గిపెట్టంత.
వాటిమీద నువ్వుగింజంత మనిషి,
మాస్టారే అయుండొచ్చు,
కాలువతోపాటు సన్నబడిపోతూ.

రెండో కాగితం అక్కడే వేశాను.
మరిడమ్మ మడి అడుగంతా పరుచుకుంది,
ఆమె పాదాలు దిగబడ్డ గుంటలతో సహా.
గుంటల్లో నీళ్ళు కూడా వేశాను.

రాత్రి నాన్న మళ్ళీ బొటనవేలు పెట్టాడు.
చేను దాటాడు, తూము దాటాడు,
కాలువ పట్టుకుని పైకి పోయి పోయి
గీత దగ్గర ఆగాడు.
"మరి మనిల్లేదే?"

వేలు తియ్యి నాన్నా,
దాని కిందే ఉంది.