రెండో కప్పు

మా ఇంట్ల పదకొండు కప్పులున్నయి,
పదకొండూ రెండోవే.
ఒకదాంట్ల మా ఆమె చెంచాలు పెడ్తది,
ఒకదానితోని పప్పు కొలుస్తది,
కోళ్లకు నూకలేసేదానికి చెవి ఇరిగింది.
అన్నిటి మీద చెక్కిన పేరు మందమర్రి గనుల జట్టు.
చెక్కని పేరు కాజీపేట లోకో షెడ్డు.

బాస్కెట్‌బాల్ ఆడుడే మా నౌకరీ, దానికే జీతం.
వాళ్లదీ అంతే.
ఫస్టు ఏడు వాళ్లు గెలిస్తే నసీబన్నం.
రెండో ఏడు రెఫరీని తిట్టినం.
మూడో ఏడు రింగే కిందికున్నదని
టేపు పట్టి కొలిచినం. సరిగ్గనే ఉన్నది.
అయిదో ఏడు వాళ్ల పొడుగు ఓదెలుకు మోకాలు పోయింది,
ఇగ అయిపోయిన్రు అనుకున్నం.
ఆ యేడు ఇరవై రెండు పాయింట్లతోని ఓడినం.

ఏముండె వాళ్లకు?
షెడ్డు ఎనుక సిమెంటు గచ్చు,
డీజిల్ వాసన, వానొస్తే మడుగు,
జోజప్ప సారు, ఆయన మెడల ఈల.
ఆ ఈల గూడ లోపలి గింజ అరిగి
ఊదితే కుయ్యిమనదు, దగ్గుతది.

ఎనిమిదేండ్లు గట్లనే.
తొమ్మిదో ఏడు మేం గెలిచినం.
ఒక్క పాయింటు.
దస్తగిరి ఏసిన ఆఖరి బాలు రింగు మీద మూడు సుట్లు తిరిగి
బయటికి పడ్డది.
మేం ఎగిరినం. నేనైతే ఏడ్సిన.
వాళ్లు వరుసల వచ్చి చేతులు కలిపిన్రు.
జోజప్ప సారు నా భుజం ఒత్తి
"ఎడమ చెయ్యి మంచిగ చేసుకున్నవ్" అన్నడు.
నా ఎడమ చెయ్యి సంగతి
మా కోచ్‌కే తెల్వది.

బిర్యానీ తిని వచ్చేసరికి రాత్రి బండి పోయింది.
టేషన్ల బెంచి మీద, సంచి తలకింద.
కప్పు చెవి నా చెవికి గుచ్చుకుంట ఉన్నది.

నాలుగున్నరకు సప్పుడు.
ఇంజననుకున్న.
ఇంజను కాదు, బాలు.
ఒక్క బాలు కాదు.

పోయి చూస్తే
ఒక్కటే బల్బు, దాని సుట్టు పురుగులు,
నిన్న ఓడిన పన్నెండు మంది.
ఫ్రీత్రోలు ఏస్తున్నరు, మనిషికి నూరు.
మాటల్లేవు, లెక్క ఒక్కటే.
దస్తగిరి ఎవ్వలకు సంజాయిషీ చెప్తలేడు,
డెబ్బై మూడు, డెబ్బై నాలుగు.
ఓదెలు గోడకొరిగి, కాలు సాపుకొని,
తెగిన వలను దబ్బనంతోని అల్లుతున్నడు.
అప్పటి కెప్టెన్ రాజమొగిలి, చెవుల కాడ నెరిసింది,
గోనెసంచితోని గచ్చు మీది మంచు తుడుస్తున్నడు.
ఆయన ఏడో నంబరు బనీను ఎవలో కొత్త పిలగాని ఒంటి మీదుంది,
గల్ల కాడి కుట్లు మాత్రం పాతయే.

పక్క షెడ్డుల ఒక ఇంజనును ఇప్పి కుప్ప పోసిన్రు.
పిస్టన్లు మారినయట, చక్రాలు మారినయట, తీగలన్ని మారినయట.
నంబరు అదే, బల్హార్షా దాకా కూత అదే,
అని బీడీ ముట్టిచ్చుకుంట ఒక ఫిట్టరు చెప్పిండు.
నేను అడగనే లేదు.

"ఊకె నిలబడ్డవేంది," అన్నడు జోజప్ప సారు,
నన్ను చూసి జరంత గూడ గుబులు పడకుంట.
"రింగు కింద ఎవ్వలు లేరు. బాలు అందియ్యి."

సంచిలకెల్లి తువ్వాల తీసుకున్న,
దానెంబడి కప్పు గూడ బయటికొచ్చింది, గోడకు పెట్టిన.
అందిచ్చిన. వెయ్యో, ఇంకా ఎక్కువో.
నా బండి ఎప్పుడు వచ్చి పోయిందో
కూత ఇన్న గని తల తిప్పలే.

తర్వాత నేను ఆడిన మూడేండ్లు వాళ్లే.
నేను మానేసినంక తొమ్మిదేండ్లు,
నిన్నటి దాకా, వాళ్లే.
జోజప్ప సారు పోయిండు. ఆ దగ్గు ఈల
ఇప్పుడు దస్తగిరి మెడలుంది.

ఆ ఒక్క మొదటి కప్పు మా ఇంట్ల లేదు.
పిల్లలడిగితే రైల్ల పోయిందని చెప్త.
గోడ కాడ మరిచిపోయిన ఆ పొద్దు.
మల్ల యేడు పోయి చూస్తే
దాంట్ల ఓదెలు దబ్బనాలు, నైలాన్ దారపు ఉండ పెట్టుకున్నడు.

నేను అడగలే.
ఆయన ఇయ్యలే.