గాంధారం కాడ

మా నాయినకు మగబిడ్డలు లేరు,
అందుకని డోలు నా ఒళ్లోకి వచ్చింది.
వేళ్లకు మైదా బంకతో తొడుగులు చుట్టి
రాయి మాదిరి ఎండేదాకా ఎండలో కూర్చోబెట్టేవాడు.
పెళ్లిచూపుల్లో ఏకాంబరం నా మొహం చూళ్లేదు,
వేళ్లు చూసినాడు.

పద్దెనిమిదేళ్లు.
పలమనేరు నుంచి పుత్తూరు దాకా
ముందు ఆ మనిషి నాదస్వరం, పక్కన నా డోలు.
ఎన్ని తాళిబొట్లకు గట్టిమేళం కొట్టినానో
లెక్క రాయలేదు.
మాకు ఇద్దరు బిడ్డలు నిలవలేదు.
అదీ ఎక్కడా రాయలేదు.

ఆడినెల, ముహూర్తాలు లేని రోజులు.
ఊపిరితిత్తికి నీరు పట్టిందన్నారు,
చీటీ రాసి రాయవేలూరుకు పంపినారు.
మూడు నెలలు పీక నోట పెట్టొద్దన్నారు.
వాయించని నాదస్వరగాడు
గోడకు ఆనించి మరిచిపోయిన నిచ్చెన.

రాత్రి డ్యూటీకి ఒక నర్సు వచ్చేది, కెజియా.
సెలైను సీసా మారుస్తా మారుస్తా పాడుకొనేది.
గొంతు మంచిదే.
గాంధారం కాడికి వచ్చేసరికి జారిపోయేది,
తడిమెట్టు మీద కాలు మాదిరి.
రెండు రాత్రులు ఓర్చుకున్నాడు.
మూడో రాత్రి, పక్కటెముకల్లో గొట్టం పెట్టుకొని కూడా
"అమ్మాయ్, అక్కడ కాదు, ఇక్కడ" అని
సన్నగా కూనిరాగం తీసి చూపించినాడు.
"రేపు కూడా నేర్పించన్నా" అనింది ఆ పిల్ల.

అంతే. వెలుగు కనపడలేదు, కలలో ఎవురూ రాలేదు.
స్వరం దిద్దుతా దిద్దుతా
మాటలు లోపలికి పొయ్యినాయి.
ఆ పాటలో ఒక కాపరి,
మందనంతా కొండ మీదే ఇడిచిపెట్టి
తప్పిపోయిన ఒక్కదాన్ని ఎతుక్కుంటా పోతాడు.
"ఒక్కటి తక్కువైందని ఎట్ల తెలిసిందే ఆయనకు?"
అర్ధరాత్రి లేపి అడిగినాడు మా ఆయన.
"లెక్క పెట్టుకొని ఉంటాడు" అన్నాను.
అని, అటు తిరిగి పడుకొని
తెల్లారేదాకా ఏడ్చినాను.

నీవా ఏట్లో మోకాటిలోతే నీళ్లు,
పాస్టరు మమ్మల్ని పడుకోబెట్టి ముంచినాడు.
మా బావ తిట్టలేదు.
"తాతల నాదస్వరం, ఇంట్లో పెట్టి పో" అన్నాడు.
పెట్టి వచ్చినాడు. జోబీలో పీకల డబ్బీ ఉండిపోయింది.
ఇప్పటికీ ఆ వీధిలో పోయేటప్పుడు
ఈయన నడక నెమ్మదవతాది.

మిట్టూరు రేకుల మందిరంలో పెద్దలన్నారు:
"డోలెందుకమ్మా, కీబోర్డు ఉండాది కదా."
ముందు వరసలో చాపమీది ముసలామె
తిరిగి కూడా చూడకుండా
"దావీదు రాజు కీబోర్డు వాయించినాడా?" అనింది.

తిరపతి స్టూడియో కుర్రోడు
డోలు దెబ్బకు మైకు పోతుందన్నాడు,
ప్యాడు కొట్టమన్నాడు.
తొడుగులు తియ్యకుండానే బస్సెక్కినాను.

కార్తీకంలో మామిడిగుజ్జు ఫ్యాక్టరీ ఖాళీ.
వాచ్‌మన్ సామ్యేలన్న గోడౌను తాళం తీసినాడు.
గోడల్లో ఇంకా తోతాపురి వాసన.
డ్రమ్ము మీద సెల్లు నిలబెట్టి
ఒక దెబ్బ కొడితే నాలుగు తిరిగొచ్చినాయి.
ఈయన కొత్త నాదస్వరంలో మోహన అందుకున్నాడు,
కట్టిన పాట, మా ఇద్దరిదీ.
నా చేతులు పాత అలవాటుకు ఎగిరినాయి.
"మెల్లగా, వల్లీ" అన్నాడు.

పెళ్లిపందిట్లో ఇన్నేళ్లూ
చెడ్డమాట వినపడకూడదని కొట్టినాను.
ఇప్పుడు ఒక మాట వినపడాలని కొట్టాల.
నలభై దాటినాక చెయ్యి మళ్లీ నేర్చుకుంటా ఉండాది.

పాట అయిపోయినాక సెల్లులో విన్నాం.
మూడో చరణంలో నాదస్వరం
గాంధారం కాడ రవ్వంత జారింది.
పద్దెనిమిదేళ్లలో ఆ మనిషి ఎప్పుడూ జారలేదు.
"మళ్లీ వాయిస్తావా?" అన్నాను.
పీక తుడుచుకుంటా తల ఊపినాడు,
వద్దని.