కుడుక వాసన

అక్టోబరు రెండో ఆదివారం, పొద్దున పది.
మాన్స్‌ఫీల్డ్ దాటాక స్కెల్బీ కంట్రీ పార్కు.
కార్ల దగ్గర పన్నెండుమందిమి,
మెడల్లో దుర్భిణులు, చంకల్లో ఫ్లాస్కులు.
లేవాలా వద్దా అని
పొగమంచు ఇంకా తేల్చుకోలేదు.

గ్వెన్ టాటర్సల్ మా పెద్ద. డెబ్భై ఒకటి.
వంగితే లేపడానికి ఇద్దరు కావాలి,
అయినా కుళ్ళిన ప్రతి దుంగ ముందూ వంగుతుంది.
"చప్పుడు చెయ్యకండి" అంటుంది.
అన్ని చప్పుళ్ళలోకీ అదే పెద్దది.

జింకల్ని చూద్దామని వచ్చాం.
అవే మమ్మల్ని చూసి పోయినట్టున్నాయి:
బురదలో రెండు చీలికల గిట్టలు,
అంచులింకా విరగని అచ్చులు.
చెరువు మీద లకుముకి నీలంగా ఒక గీత గీసిందట,
నేనప్పుడు కళ్ళద్దాలు తుడుచుకుంటున్నాను.
"చూశావా?" అన్నారు.
"చూశాను" అన్నాను.

ఇక మిగిలినవి పుట్టగొడుగులు.
అవి పారిపోవు.

కొండెక్కాం. తెల్లతోలు బర్చి చెట్లు,
రూపాయి బిళ్ళంత పసుపు ఆకులు
తొందరేం లేకుండా రాలుతున్నాయి.
కింద తెల్లచుక్కల ఎర్రగొడుగులు.
ఒకదాన్ని కొరికి తింటున్న చిప్పలేని నత్తని చూసి
తొమ్మిదేళ్ళ ఇమోజెన్
"దీనికి కడుపునొప్పి రాదా?" అంది.
ఎవరికీ తెలీదు. గ్వెన్ కూడా ఒప్పుకుంది.

అప్పుడు దొరికింది అది.
వెలిసిన ఊదారంగు, గుండీకంటే కాస్త పెద్దది,
ఎవరూ ఫొటో తియ్యని రకం.
గోరుతో గిల్లితే పాలు కారాయి.
"కొబ్బరి!" అంది గ్వెన్.
"బిస్కెట్టు" అన్నారొకరు.
"ఎండకి రాసుకునే క్రీము" అన్నారింకొకరు.
పదకొండు మొహాలు నావైపు తిరిగాయి.
"నువ్వు చెప్పు సారక్కా,
కొబ్బరి సంగతి నీకే తెలియాలి."

నాకేం తెలుసు?
మా ఎల్లందులో మేమున్న క్వార్టర్ల వరసలో
ఒక్క కొబ్బరిచెట్టు లేదు.
కొబ్బరికాయంటే కిరాణాకొట్టులో
చెవి దగ్గర ఊపి చూసి కొనేది.
మాకు పండేది బొగ్గు.
పొయ్యిలో బొగ్గు, మా నాయిన గోళ్ళల్లో బొగ్గు,
ఉతికి ఆరేసిన తెల్లచీర మీద
సాయంత్రానికి వచ్చి వాలే బొగ్గు.

అయినా అడిగారు కదా,
కళ్ళు మూసుకుని పెద్దరికంగా వాసన చూశాను.
పచ్చికొబ్బరి కాదు. కుడుక.
డబ్బాలో పెట్టి మరిచిపోయి
నెలకి మూత తీస్తే వచ్చే వాసన.
కుడుకకి ఇంగ్లీషు మాట అందక
"ముసలి కొబ్బరి" అన్నాను. నవ్వారు.
"అసలు మాది కొబ్బరి ఊరు కాదు, బొగ్గు ఊరు"
అని కూడా అనేశాను.

పొద్దున్నుంచీ నోరు విప్పని లెన్ ఆల్సప్
చేతికర్రతో నేలని రెండుసార్లు పొడిచాడు.
ఆకుల కింద నాచు, నాచు కింద వేళ్ళు,
నాలుగంగుళాల్లో నలుపు.

"ఇది కొండ కాదు. మేం పైకి పంపిన చెత్త.
నువ్వు నిలబడ్డది, నా లెక్కలో,
డెబ్భై తొమ్మిదో సంవత్సరం మీద.
మూసేశాక కౌన్సిల్‌వాళ్ళు గడ్డి చల్లారు.
ఈ చెట్లని మాత్రం ఎవరూ నాటలేదు.
వాటంతటవే వచ్చాయి."

ఇంకో నాలుగడుగులు నడిచాక:
"మీ దగ్గర ఏమంటారు, దిగే చోటుని?"
"బాయి. నీళ్ళకి తవ్వినా బొగ్గుకి తవ్వినా అదే మాట."
"బాయ్" అన్నాడు, నోట్లో ఒకసారి దొర్లించి చూసి.
"మొదటి షిఫ్టు ఎన్నింటికి?"
"ఏడింటికి."
"మాకు ఆరింటికే" అన్నాడు,
కాస్త గెలిచినట్టు.

గ్వెన్ తడిసిన పుస్తకంలో రాసుకుంది:
బర్చి కింద, బొగ్గుమట్టిలో, మూడు.
వాసన: ముసలి కొబ్బరి.
చెప్పినవారు: సారక.
ఒత్తు ఎక్కడో రాలిపోయింది.
నేను సరిచెయ్యలేదు.

కార్ల దగ్గర అందరూ బూట్లు గడ్డికి రుద్దుకుంటున్నారు.
ఇమోజెన్ ఇంకా నత్త సంగతే అడుగుతోంది.
లెన్ డిక్కీ తెరిచి, పాత పేపరు పరిచి,
తన బూట్లు నల్లగా అలాగే పెట్టుకున్నాడు.
నాకూ ఒక షీటు చింపి ఇచ్చాడు.