ఐదు గంటల పడవ

మా పైవాటాలో ఒక సముద్రం ఉంది.
సాయంత్రం ఐదింటికి కదులుతుంది.
ముందు గొలుసు గరగర, తర్వాత పీట జారిన చప్పుడు,
ఆపైన హైని ముసలాయన ఊపిరి.

ఫారో దీవుల్లో జనవరి అంటే
మూడున్నరకే దీపాలు పెట్టుకునే నెల.
గాలి తలుపు తోసుకుని లోపలికొస్తుంది,
చెప్పులు కూడా విప్పదు.

ముప్ఫై ఒక్క ఏళ్ళు ఆయన నడిపింది
ఈ రేవుకీ ఆ రేవుకీ మధ్య తిరిగే పడవ.
సముద్రం అడుగున సొరంగం తవ్వారు.
కార్లిప్పుడు పాట ముగిసేలోగా దాటేస్తున్నాయి,
నెత్తి మీద చేపలున్నాయని కూడా తెలియకుండా.
పడవని అమ్మేశారు. హైనిని కుర్చీలో కూర్చోబెట్టారు.
కుర్చీ ఆయన్ని మెల్లగా తినేసింది,
మోకాళ్ళు ముందు, తర్వాత నడుం,
చివరికి మా మెట్లు ఎక్కేంత ఊపిరి.

కొత్త సంవత్సరం నాడు, డాక్టరమ్మ కోప్పడ్డాక,
మేనల్లుడి గరాజులోంచి ఆ యంత్రం దిగింది:
నీళ్ళు లేని పడవ.
"రోజూ ఐదున్నర కిలోమీటర్లు" అన్నాడు.
అంత లెక్కేమిటన్నాను.
"రేవు నుంచి రేవుకి అంతే కదా."

ఆ రోజే నేనూ ఒట్టు పెట్టుకున్నాను, చక్కెర ముట్టనని.
నేను పనిచేసేది బేకరీలో.
ఆరంభశూరత్వం అంటే ఏమిటో
నాలుగో తారీఖున ఒక దాల్చినచెక్క రొట్టె నేర్పింది.

హైని మొదటి రోజు
ఎనిమిది వందల మీటర్ల దగ్గర ఆగిపోయాడట.
"నిద్ర పట్టలేదు మర్యున్.
రాత్రంతా నడిసముద్రంలో నిలబెట్టేశాను జనాన్ని.
ఒక నిండు చూలాలు కూడా ఉంది,
రెండు గొర్రెలు, పోస్టు సంచి."
నవ్వాడు. పూర్తిగా నవ్వలేదు.
మర్నాడు ఆగిన చోటినుంచే లాగాడు.
వారానికి గానీ దించలేకపోయాడు వాళ్ళని.

తెడ్డు వేసేవాడికి చేరాల్సిన గట్టు కనపడదు,
వదిలొచ్చిన గట్టే కనపడుతుంది.
ఆయనకి ఎదురుగా గోడ మీద
రంగు వెలిసిన పాత టైంటేబుల్.
నాకు వినపడేది మాత్రం
కాళ్ళు తన్నడం, నడుం వాలడం, చేతులు గుంజడం,
మళ్ళీ మొదటికి జారడం.
ఆ లయకే బంగాళాదుంపల తొక్క తీసేదాన్ని.
ముక్కలు సమానంగా వచ్చేవి.

ఫిబ్రవరి పదకొండు.
ఐదైంది. ఐదుంపావు.
పైన చప్పుడు లేదు.
పొయ్యి కట్టేసి రెండేసి మెట్లెక్కాను,
మనసు అంతకు ముందే ఎక్కి, చూడకూడనివి చూస్తోంది.

తలుపు మీద అట్టముక్క:
'గాలి వల్ల నేటి సర్వీసు రద్దు'.

లోపల ఆయన వాచిన మోకాలి మీద మంచుగడ్డల సంచి పెట్టుకుని
రూబార్బ్ జామ్ నాకుతున్నాడు.
"మానేశావా?" అన్నాను, ఏడుపులాంటి కోపంతో.
"గాలిలో బయల్దేరేవాడు నావికుడు కాదమ్మా" అన్నాడు,
"గాలి ఆగాక బయల్దేరనివాడూ కాదు."

అట్ట చేతిలోకి తీసుకుని చూశాను.
మేకు గుచ్చిన చిల్లులు, ఏడు.
ఏడు సాయంత్రాలు ఈ సముద్రం కదల్లేదు,
తొక్కలు తీసుకుంటూ నేను విన్నాననే అనుకున్నాను.

కిందికొచ్చి నా చక్కెర డబ్బాకి
నేనూ ఒక అట్ట తగిలించాను.
నావైపు గాలి కాస్త ఎక్కువ రోజులే వీచింది,
ముప్ఫై ఎనిమిది.

మర్నాడు ఐదింటికి
పైకప్పులో గొలుసు గరగర.
చీపురు కర్రతో రెండు పోట్లు పొడిచి అరిచాను:
"గొర్రెలు ఎక్కాయా?"

కాసేపు ఊపిరే వినపడింది.
తర్వాత, లాగుతూనే,
"మూడు" అన్నాడు.
"ఒకటి ఎక్కనంటోంది."