ఎదుటి కుర్చీ

బొమ్మనహళ్ళిలో మూడో అంతస్తు.
కింద టైర్ల కొట్టు, పైన మేము,
బాకీ వసూలు కాల్ సెంటర్, తెలుగు విభాగం.
శుక్రవారం మధ్యాహ్నం ట్రైనింగ్.
తిప్పేస్వామి సారు రెండు కుర్చీలు వీపూ వీపూ ఆనించి వేయిస్తాడు,
ఫోన్లో మొహాలు కనబడవు కదా అని.

ఆరు నెలలుగా నేనెప్పుడూ ఏజెంటునే.
స్క్రిప్టు కంఠతా వచ్చు.
"మేడం, మీవి మూడు కంతులు పెండింగు ఉన్నాయి"
అక్కణ్ణించి ఎత్తుకుని
చట్టం, సంతకం, గడువు, నమస్కారం.

ఆరు నెలలుగా ఇంకొకటీ చేస్తున్నాను, ఎవరికీ చెప్పలేదు.
పీజీలో పై బంకు మీద
మొబైల్ వెలుగులో ఒక కథ రాస్తున్నాను.
అందులో ఒక ముసలామె, ఒక కుట్టుమిషను, ఒక అప్పు.
ఆమె పేదది అని నాలుగుసార్లు రాశాను.
కన్నీళ్ళు పెట్టించాను. వాన కురిపించాను.
నోరు విప్పితే మాత్రం
అచ్చం నాలాగే మాట్లాడేది, డిగ్రీ పాసయినట్టు.

ఆ శుక్రవారం సారు వేలు నావైపు తిరిగింది.
"ఈపొద్దు నువ్వు ఎదుటి కుర్చీ.
అప్పు తీసుకున్నావ్. కట్టలేదు.
మిగతాది నీ ఇష్టం."

ఏజెంటు తాడిపత్రి ఓబుళేశు.
వాడు కాలు ఊపుతుంటే నా కుర్చీ కూడా వణుకుతోంది.
"హలో, సాలమ్మగారేనా?"

సాలమ్మ! పేరు వాడే పెట్టాడు.
అప్పటిదాకా నా ముసలామెకి పేరే లేదు.
"ఆఁ" అన్నాను.
నా గొంతే, కాస్త ఆలస్యంగా వచ్చింది,
పెడలు మీంచి కాలు తీసేంత ఆలస్యం.

"కంతు ఎప్పుడు కడతారు?"

ఇక్కడ ఏడవాలి నేను.
నా కథలో అయితే ఈపాటికి ఏడిపించేదాన్నే.
సాలమ్మకి ఏడుపు రాలేదు.
సూదిలోకి దారం ఎక్కడం లేదు, ఆమె ధ్యాసంతా అక్కడుంది.

"గొంతు చూస్తే పొద్దుట్నుంచీ అరుస్తానే ఉన్నట్టుండావు.
అన్నం తిన్నావా నాయనా?"

ఓబుళేశు కాలు ఆగింది.
తిడితే ఏమనాలో ఎనిమిది పేజీల స్క్రిప్టులో ఉంది,
ఏడిస్తే ఏమనాలో ఉంది,
పెట్టేస్తే ఎన్ని నిమిషాలకి మళ్ళీ చేయాలో ఉంది.
దీనికి లేదు.
"లే... లేదు" అన్నాడు.
నిజంగానే తినలేదు వాడు. రెండు దాటింది,
డబ్బా ఇంకా బ్యాగులోనే ఉంది.

గదంతా నవ్వింది. సారు పదికి మూడు వేశాడు.
"బాకీదార్లు ఇట్ల మాట్లాడరమ్మా."

మాట్లాడతారు. నాకు తెలుసు.
ఎలా తెలుసో తెలీదు.
ఆ మాట మా అమ్మది కాదు, మా వీధిలో ఎవరిదీ కాదు,
నేను అనుకుని అన్నదీ కాదు.
జాలిపడి అడిగిందో
కంతు మాట దాటేయడానికి అడిగిందో
ఇప్పటికీ తేల్చుకోలేను. రెండూ అయ్యుండొచ్చు.
పేదది, పేదది అని రాసినన్నాళ్ళూ
ఆమెకింత తెలివుందని నాకు తట్టలేదు.

ఆ రాత్రి వాన కొట్టేశాను.
కన్నీళ్ళు కొట్టేశాను.
పదకొండు పేజీలు పోయి ఒకటిన్నర మిగిలింది.
హోసూరు రోడ్డు మీద లారీల మోతలో
సాలమ్మ సూదికి దారం ఎక్కిస్తూనే ఉంది.

కింద బంకు మీంచి జెసింత దుప్పటి తీసింది.
గార్మెంట్స్‌లో ఎనిమిదేళ్ళుగా మిషను తొక్కుతోంది తను.
"ఎవరితోనే ఆ మాటలు?"
పైకే అనేస్తున్నానన్నమాట!
చెప్పాను. మొత్తం విన్నది.
"దారం ముందునుంచి కాదే, పక్కనుంచి ఎక్కిస్తారు.
మీ ముసలామెకి ఆ మాత్రం తెలీదా?"
అని అటు తిరిగి పడుకుంది.

దిద్దాను.

సోమవారం. నలభై మూడో కాల్. మదనపల్లె నంబరు.
"మేడం, మీవి మూడు కంతులు..."
అవతల ఏదో ఆగిన చప్పుడు.
ఏం ఆగిందో వినడానికి
నేనూ ఆగాను.
స్క్రీన్ మీద సెకన్లు ఎర్రబడుతున్నాయి.